ముప్పావంగుళం గడ్డి

ఫోర్ట్ గ్రేంజర్, టెక్సస్
ఏప్రిల్ 28, 1957

బావా,

క్షేమంగా చేరానని అక్కకి చెప్పు. రెండు రోజులు బస్సులో కూర్చుని నడుం పట్టేసిందని మాత్రం చెప్పకు. వెంటనే రాసుకోమని బాతు కొవ్వు సీసాలో పోసి పార్సిల్ చేస్తుంది, అది దారిలో కారి టెక్సస్ అంతా మన వంటింటి వాసన కొడుతుంది.

ఇక్కడ మైదానం చుట్టూ తొమ్మిది వేలమంది కూర్చోవచ్చు. స్నానాల గదిలో ఆఖరివాడికి కూడా వేడినీళ్లొస్తాయి. మన మిల్‌బర్న్‌లో మొదటి ముగ్గురు అదృష్టవంతులు, మిగతావాళ్లు ధైర్యవంతులు కదా. నిన్న అందరూ వెళ్లిపోయాక కూడా ఆ నీళ్ల కింద నిలబడే ఉన్నాను, కాపలావాడొచ్చి అరిచేదాకా.

ఇరవై తొమ్మిదేళ్ల వయసులో నన్ను పైకి పిలిచారంటే నాకే నమ్మకం కుదరడం లేదు. పదేళ్లు మిల్‌బర్న్ బేస్‌బాల్ జట్టుకి షార్ట్‌స్టాప్‌ని. రెండో బేస్‌కీ మూడో బేస్‌కీ మధ్య అదే మట్టిలో నిలబడి, నేలబారుగా వచ్చిన బంతినల్లా ఏరి ఫస్ట్ బేస్‌కి విసరడమే నా బతుకు. నాలుగేళ్ల కిందట చీలమండ విరిగినప్పుడు ఇక అయిపోయిందనుకున్నాను, నీకు తెలుసు. ఇప్పుడు పెద్ద లీగుకి ఒక్క మెట్టు కింద ఉన్నాను. జులైలో పెద్ద జట్టువాళ్ల మనిషి వచ్చి చూస్తాడట. నచ్చితే సెప్టెంబర్‌లో పైకి తీసుకెళ్తారు. బావా, ఒక్క రోజు చాలు. పెద్ద లీగులో ఒక్క ఆట ఆడినా నా పేరు పుస్తకంలో ఉంటుంది, చచ్చాక కూడా ఉంటుంది. చిన్నప్పటినుంచి నాకు వేరే కోరికేమీ లేదని నీకంటే బాగా ఎవరికి తెలుసు?

మైదానం మాత్రం పెనంలా ఉంది. బంతి నేలకి తగిలి ఎగిరి ఎటు పోతుందో దానికే తెలియదు. మొదటి వారంలో రెండు వదిలేశాను. కొత్త చోటు కదా, అలవాటవుతుంది.

ఇంకోటి. ఇక్కడ కూడా మన చెక్ వాళ్లున్నారు. తీపి కొలాచీ బన్నుల్లో గసగసాల బదులు సాసేజీ పెట్టి కాలుస్తారు. తిన్నాను. బాగానే ఉంది. అక్కకి తెలిస్తే నన్ను ఇంట్లోకి రానివ్వదు.

లూమిర్

•

మిల్‌బర్న్, అయోవా
మే 6

ఒరేయ్ లూమిర్,

నీ ఉత్తరం మీ అక్క నాలుగుసార్లు చదివింది. సాసేజీ సంగతి చదివినప్పుడల్లా "అమ్మ పోయింది కాబట్టి బతికిపోయాడు" అంటోంది. నేను తినలేదు, నేను రాయలేదు, అయినా తిట్లు మాత్రం నాకే.

ఊళ్లో అందరూ నీ గురించే అడుగుతున్నారు. మంగలి షాపు యజమాని నీ ఫొటో అద్దానికి అంటించాడు. గడ్డం గీయించుకుంటున్నంతసేపూ నీ మొహం చూడాలి, ఇంతకన్నా శిక్ష ఏముంటుంది?

నీ చోట్లో కొత్తవాణ్ణి తీసుకున్నారు. క్లైడ్ మోరో అని మిస్సోరీ వాడు, ఇరవై రెండేళ్లు, కుందేలులా పరిగెడతాడు. చెయ్యి కూడా గట్టిది. వచ్చీరాగానే నా పనిమీద వ్యాఖ్యానాలు మొదలెట్టాడు, "మిస్టర్ బెండా, మీ మైదానంలో గడ్డి బాగా ఎత్తుగా ఉందండీ" అని. గడ్డి కోసేవాణ్ణి నేను, ఆడేవాడు తను. ఎవరి పని వాళ్లు చేసుకుంటే లోకం బాగుంటుంది.

నీ రెండు తప్పుల సంగతంటావా, అడుగు వెనక్కి నిలబడి చూడు. గ్లవ్‌కి నూనె రాసి కట్టిపెట్టు. టెక్సస్ ఎండకి తోలు బిగుసుకుంటుందంటారు. అంతకంటే నాకేం తెలుసు? నేను గడ్డివాణ్ణి.

నీ బావ
ఆల్విన్

తా.క. — లూమిర్, ఈయన పెన్ను నేను లాక్కున్నాను. ఆల్విన్ ఏదో దిగులుగా ఉన్నాడు. భోజనం మధ్యలో లేచి కిటికీ దగ్గర నిలబడుతున్నాడు. నువ్వు లేక అనుకుంటాను. ఒక మంచి ఉత్తరం రాయి. సాసేజీ మానేయి. — అక్క, వ్లాస్టా

•

ఫోర్ట్ గ్రేంజర్
మే 20

బావా,

అంతా బాగుంది. అడుగు వెనక్కి నిలబడ్డాను, గ్లవ్‌కి నూనె రాశాను. తర్వాత ఒక్క తప్పే చేశాను, అదీ ఎండ కళ్లలో పడి. మేనేజర్ హాబ్సన్ నా భుజం తట్టి "ప్రోహాస్కా, తొందర లేదు" అన్నాడు. మంచి మనిషి. బ్యాటింగ్ కూడా ఫరవాలేదు.

ఒక్కటి అడుగుతాను, నిజం చెప్పు. పోయిన మూడేళ్లు అక్కడ నేను ఆడిన ప్రతి ఆటా నువ్వు ఆ ఎడమవైపు షెడ్డు గుమ్మంలో కూర్చుని చూశావు. మిల్‌బర్న్‌లో నా ఆట నాకంటే నీకే బాగా తెలుసు. అక్కడ నా చేతులు ఏం చేసేవి? మోకాళ్లు ఇంకా వంచేవాణ్ణా? బంతి మీదికి ముందుకు పోయేవాణ్ణా, లేక ఆగి దాన్ని రానిచ్చేవాణ్ణా? రోజూ పొద్దున్నే అందరికంటే ముందు వెళ్లి గోడకేసి బంతి కొట్టుకుని ఏరుకుంటున్నాను. గోడ దగ్గర అన్నీ దొరుకుతున్నాయి.

ఊరికే అడుగుతున్నాను. కంగారు పడకు.

లూమిర్

•

మిల్‌బర్న్
మే 30

లూమిర్,

మంగలి షాపులో వారం వారం ఆటల పత్రిక వస్తుందని మర్చిపోయావా? అన్ని లీగుల లెక్కలూ చివరి పేజీల్లో చీమ తలకాయంత అక్షరాల్లో వేస్తారు. నీ పేరు పక్కన తప్పుల గడిలో తొమ్మిది అని ఉంది. తొమ్మిది! ఒక్కటి అని రాశావు నాకు. అచ్చు తప్పేమోనని వచ్చే వారం పత్రిక కోసం ఆగాను. పదకొండు అయింది.

మీ అక్కకి చూపించలేదు. కానీ నాతో అబద్ధమెందుకురా? నేనెవరికి చెప్పుకుంటాను, రోలర్‌కా?

నీ చేతుల్లో లోపమేమీ లేదు. ఆ మాట నమ్ము. చేతులు ఎప్పుడూ బాగానే ఉండేవి. అక్కడి మట్టి సంగతి రాయి. ఇసక ఎక్కువా, రేగడి ఎక్కువా? బంతి మొదటి గెంతు మోకాలికొస్తోందా, ఛాతీకొస్తోందా? గడ్డి ఎంత ఎత్తున కోస్తున్నారు? బ్యాట్ పట్టి నిలబడే హోమ్ ప్లేట్ ముందు నీళ్లు పెడుతున్నారా లేదా? అక్కడి మైదానం పనివాడు ఎవరో కనుక్కుని సిగరెట్ ప్యాకెట్టొకటి ఇచ్చి, షార్ట్‌స్టాప్ ముందు నాలుగు బకెట్లు ఎక్కువ పోయమని అడుగు. తప్పేం లేదు. అన్ని ఊళ్లలోనూ ఉన్నదే.

ఆల్విన్

•

ఫోర్ట్ గ్రేంజర్
జూన్ 14

బావా,

అవును, అబద్ధం రాశాను. హాబ్సన్ నా భుజమూ తట్టలేదు, ఏమీ లేదు. పదిహేను తప్పులయ్యాక నన్ను బెంచి మీద కూర్చోబెట్టాడు. ఇక్కడి జనం నన్ను "జల్లెడ" అంటున్నారు. బంతి నా వైపు రాగానే స్టాండ్సులో ఒకడు పిండి జల్లిస్తున్నట్టు చేతులాడిస్తాడు, మిగతావాళ్లు నవ్వుతారు. నాకూ నవ్వొచ్చేదే, వేరేవాడి మీదయితే. ముఖం చెల్లక నీకు రాయలేదు.

నువ్వు చెప్పినట్టే మైదానం పనివాణ్ణి కలిశాను. యుసేబియో ట్రెవిన్యో అని, అరవై దాటిన మెక్సికన్ ముసలాయన. సిగరెట్లు తీసుకున్నాడు. నీళ్ల మాట ఎత్తగానే పగలబడి నవ్వాడు. తర్వాత జరిగింది ఉన్నదున్నట్టు రాస్తాను.

"నీళ్లా? నా షార్ట్‌స్టాప్‌లెవరూ ఎప్పుడూ అడగలేదు నాయనా. గట్టి నేల మీద బంతి తొందరగా వస్తుంది, కుర్రాళ్లకి అదే ఇష్టం. ఇంతకుముందు ఎక్కడ ఆడావు?"

చెప్పాను.

"నువ్వు అడుగు తీసే పద్ధతి చూస్తున్నాను వారం నుంచి. నెమ్మదిగా వచ్చే బంతికి అడుగు తీస్తావు. ఒకటి లెక్కపెట్టి కదులుతావు. ఎవరో నీకు ఆ ఒకటి లెక్కపెట్టే టైము ఇచ్చారు. మీ ఊళ్లో గడ్డి కోసేది ఎవరు?"

"మా బావ."

ఆయన నవ్వడం ఆపేశాడు. టోపీ తీసి తల గోక్కున్నాడు. "ఓహో, బావా," అన్నాడు. "నువ్వంటే చాలా ప్రేమ ఉండాలి ఆయనకి."

బావా, ఏం చేశావు? ఈసారి గ్లవ్ నూనె గురించి రాయకు.

లూమిర్

•

మిల్‌బర్న్
జూన్ 22

లూమిర్,

ఈ ఉత్తరం మూడుసార్లు రాసి చింపేశాను. ఇది నాలుగోది. చింపకుండా పోస్టు డబ్బాలో వేసే బలం దేవుడివ్వాలి.

చీలమండ అతికాక యాభై నాలుగు వసంతంలో నువ్వు తిరిగి ఆటకొచ్చావు. మే నెలలో ఒకరోజు మన మేనేజర్ డెలానీ నా షెడ్డుకొచ్చి పెట్టె మీద కూర్చున్నాడు. "ఆల్విన్, నీకు ముందే చెప్పడం మర్యాద. మీ బావమరిదికి కుడివైపు ఒక అడుగు పోయింది. నెలాఖరున పంపించేస్తున్నాను," అన్నాడు. ఇంటికొచ్చేసరికి మీ అక్క పిండి ముద్దలు ఉడకబెడుతూ పాట పాడుతోంది. నువ్వు ఆస్పత్రిలో ఉన్నన్ని నెలలూ ఆవిడ నోట పాట లేదు. చెప్పలేకపోయాను.

మర్నాడు పొద్దున గడ్డికోత యంత్రం పళ్లు పైకి బిగించాను. ఎడమవైపు మాత్రమే, నీ ముందున్న మేర. మిగతా మైదానమంతా ఒక అంగుళం, నీ ముందు ఒకటీ ముప్పావు. ముప్పావంగుళం అంటే ఏముంది, గోరంత. కానీ బంతి అందులో పడితే బురదలో నడిచే మనిషిలా అవుతుంది. తొమ్మిదింటికి నీళ్లు పెట్టేవాణ్ణి, ఆట వేళకి పైన ఆరినట్టు కనబడుతుంది, లోపల మెత్తగా ఉంటుంది. ఏటి ఒడ్డునుంచి రేగడి తవ్వి తెచ్చి నువ్వు నిలబడే చోట కలిపాను. మేకుల పలకతో రోజూ రెండుసార్లు లాగాను, ఒక్క గడ్డ లేకుండా. జట్టు పరాయి ఊళ్లకి వెళ్లిన వారాల్లో ఇంకా ఎక్కువ పని చేసేవాణ్ణి.

జూన్‌లో డెలానీ నా వీపు తట్టి "మీవాడి కాలు తిరిగొచ్చిందయ్యా" అన్నాడు. ఆ తట్టు నేను తీసుకున్నాను. ఇప్పటికీ వీపు మీద ఉంది.

ఒక నెల చేద్దామనుకున్నాను రా, నీ కాలు బాగయ్యేదాకా. ఆ తర్వాతే అసలు తప్పు మొదలైంది. నీ కాలు బాగయిందో లేదో తెలుసుకునే దారి లేకుండా పోయింది. నాకూ తెలియదు, నీకూ తెలియదు, డెలానీకీ తెలియదు. గడ్డి తగ్గిస్తే తెలుస్తుంది. తగ్గించడానికి నాకు గుండె చాలలేదు. ఈ వారం తగ్గిద్దాం, వచ్చే వారం తగ్గిద్దాం అంటూ మూడేళ్లు దాటాయి.

పోయిన సెప్టెంబర్‌లో టెక్సస్ వాళ్ల మనిషి నిన్ను చూడటానికొచ్చిన రోజు తెల్లారకముందే లేచాను. ఆ రోజు నీ వైపు పదకొండు బంతులొచ్చాయి, ఒక్కటీ వదల్లేదు నువ్వు. వాళ్లు నీతో సంతకం పెట్టించుకుంటుంటే షెడ్డులో నేను ఆనందంతో ఎగిరాను. నిజానికి వాళ్లు నా చేత కూడా సంతకం పెట్టించుకోవాల్సింది. నేను లేకుండా నిన్ను అక్కడికి పంపాను. నువ్వు బస్సెక్కిన రోజునుంచీ నాకు నిద్ర లేదు.

నిన్ను ఎవరూ జల్లెడ అనకూడదు. జల్లెడని చేసింది నేను.

ఆల్విన్

•

మిల్‌బర్న్
జులై 12

లూమిర్,

మూడు వారాలైంది. నీ దగ్గర్నుంచి ఒక్క ముక్క లేదు. తిట్టయినా తిట్టు.

మీ అక్కకి తెలిసిపోయింది. నా చింపిన కాగితాలు పొయ్యి దగ్గర దొరికితే అతికించుకుని చదివింది. నాలుగు రోజులు నా పళ్లెం మూతపెట్టి బల్ల మీద వదిలేసింది. ఐదో రోజు భోజనం వడ్డిస్తూ అంది, "వాడు బంతి పట్టుకున్నప్పుడల్లా నేను చర్చిలో కూర్చున్నట్టు కూర్చునేదాన్ని. అది వాడిదనుకున్నాను. నువ్వు మధ్యలో దూరావు."

దానికి జవాబు నీ దగ్గరుంటే నాకు రాయి.

ఆల్విన్

•

ఆటర్స్‌బర్గ్, ఇల్లినాయ్
జులై 30

బావా,

పైనున్న ఊరి పేరు చూశావు కదా. టెక్సస్‌లో నా పని అయిపోయింది. పెద్ద జట్టువాళ్ల మనిషి వచ్చేసరికి నేను బెంచి మీదే ఉన్నాను, నా వైపు చూడనైనా చూడలేదు. మర్నాడే హాబ్సన్ పిలిచి చెప్పాడు. నన్ను వెనక్కి తీసుకోమని మిల్‌బర్న్‌ని అడిగారట. డెలానీ "మాకు మోరో ఉన్నాడు, వద్దు" అన్నాడట. అప్పుడు ఆటర్స్‌బర్గ్ వాళ్లు తీసుకున్నారు. మళ్లీ మన లీగే, ఎదుటి జట్టు.

నీ ఉత్తరం చదివాక నీ మీద ఎంత కోపమొచ్చిందో రాయలేను. నువ్వు ఎదురుగా ఉంటే కొట్టేవాణ్ణి. నా ఆట మొత్తం దొంగసొత్తు అయిపోయినట్టు తోచింది. నాకు చప్పట్లు కొట్టినవాళ్ల మొహాలన్నీ గుర్తొచ్చి తల కొట్టేసినట్టయింది. రెండు వారాలు అలాగే ఉన్నాను.

తర్వాత ఒకరోజు నా తప్పులు కూర్చుని రాసుకున్నాను. పోయినేడు సొంత మైదానంలో నాలుగు. పరాయి ఊళ్లలో పంతొమ్మిది. బావా, ఆ పంతొమ్మిది నాకు అప్పుడే తెలుసు. బస్సులో నిద్ర చాలలేదనేవాణ్ణి, ఆ ఊరి లైట్లు మసకనేవాణ్ణి, మంచంలో నల్లులనేవాణ్ణి. ప్రతి ఇన్నింగ్స్ ముందూ బూటు ముల్లుతో నా ముందున్న మట్టిని గీకి చూసేది నేనే. కింద తడి తగిలేది. షార్ట్‌స్టాప్‌కి తన కాళ్ల కింద నేల తెలియదంటే ఎవరు నమ్ముతారు? ఏటి పక్క ఊరు, నేలే అంత అని నాకు నేను చెప్పుకున్నాను. ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి నిన్ను అడిగి ఉండొచ్చు. అడిగితే నువ్వు చెబుతావని భయం. నువ్వు చెప్పలేదు, నేను అడగలేదు. ఆ అబద్ధాన్ని చెరోవైపు పట్టుకుని మూడేళ్లు మోశాం.

ఆగస్టు పదహారున మా జట్టు మిల్‌బర్న్ వస్తోంది. మూడు ఆటలు. ఎదుటి జట్టు చొక్కా వేసుకుని నేను అదే చోట నిలబడతాను. ఇప్పుడు నాకు కావాల్సింది పెద్ద లీగు కాదు. అది పోయింది, పోయినందుకు ఏడ్చాను కూడా. నా కాలు తిరిగొచ్చిందో లేదో తెలియాలి. ఇరవై ఆరేళ్లకే అయిపోయినవాణ్ణా, కాదా? అది తెలియకుండా ఈ ఆట వదల్లేను, ఆడనూ లేను.

కాబట్టి గడ్డి తగ్గించు. నా మీద జాలి పడి ఒక చుక్క నీళ్లు పోశావంటే జన్మలో నీ గుమ్మం తొక్కను.

లూమిర్

•

మిల్‌బర్న్
ఆగస్టు 6

లూమిర్,

నీ ఉత్తరం వచ్చిన రోజే డెలానీ కూడా వచ్చాడు. క్లైడ్ మోరో మే నెలనుంచీ మొత్తుకుంటున్నాడు గడ్డి తగ్గించమని. అతను మెరుపులా ఉన్నాడు, బంతి తొందరగా వస్తేనే అతనికి లాభం, నెమ్మదిగా వస్తే ఈలోపు పరిగెత్తేవాడు బేస్ చేరిపోతాడు. డెలానీ రెండుసార్లు చెప్పాడు, నేను రెండుసార్లూ యంత్రం పాడైందన్నాను. నువ్వు ఎప్పటికైనా తిరిగొస్తావని ఆ గడ్డి అలాగే ఉంచాను. నీ కోసం పెంచిన గడ్డిలో ఆ మోరో నలిగిపోతుంటే చూస్తూ ఊరుకున్నాను. అతనూ ఎవరో ఒకరి తమ్ముడే. అది కూడా నా లెక్కలోకే వస్తుంది.

ఈ పొద్దున కోశాను. అంగుళానికి. రెండుసార్లు అడ్డంగా, రెండుసార్లు నిలువుగా. రేగడి తీసేసి ఇసక కలిపి రోలర్ తిప్పాను. నీళ్లు పెట్టే గొట్టం షెడ్డులో తాళం వేసి, తాళంచెవి మీ అక్కకిచ్చాను. గౌను జేబులో వేసుకుంది.

ఎక్కడ గట్టిగా ఉందో, ఎక్కడ బంతి ఎక్కువ ఎగురుతుందో నాకు తెలుసు. నీకు రాద్దామని కలం ఇక్కడిదాకా వచ్చింది. రాయను.

మూడు రోజులూ భోజనం ఇంట్లోనే. హోటల్లో దిగావంటే మీ అక్క ఊరందరి ముందూ నిన్ను చెవి పట్టుకుని లాక్కొస్తుంది.

ఆల్విన్

•

ఆటర్స్‌బర్గ్
ఆగస్టు 20

బావా,

మూడు రోజులు నీ బల్ల దగ్గర భోజనం చేశాను. వానల గురించి మాట్లాడుకున్నాం, పక్కింటివాళ్ల కుక్క గురించి మాట్లాడుకున్నాం, అక్క వండిన బాతు గురించి అరగంట మాట్లాడుకున్నాం. ఆ ఒక్కటి తప్ప అన్నీ మాట్లాడుకున్నాం. మనం ఉత్తరాల్లో తప్ప నోరు విప్పని మనుషులం అయిపోయాం. అందుకే ఇది.

మొదటి రోజు మైదానంలోకి అడుగు పెట్టగానే బూటు ముల్లు దిగలేదు. నువ్వు మాట నిలబెట్టుకున్నావని అర్థమైంది. పదేళ్లు నిలబడ్డ చోటు అది, నన్ను ఎరగనట్టుంది. మొదటి బంతి కాళ్ల మధ్యనుంచి పోయింది. మిల్‌బర్న్ జనం నవ్వలేదు. నవ్వితే బాగుండేది.

రెండో రోజు ఒక బంతి ఛాతీకి తగిలింది, ఏరి విసిరాను, అవుట్. ఇంకో మూడు శుభ్రంగా దొరికాయి. ఆ ఒకటి లెక్కపెట్టే అలవాటు మానడానికి బంతి కొట్టకముందే కదలడం మొదలుపెట్టాను. యుసేబియో వెళ్లేముందు చెప్పిన ఒకే ఒక్క మాట అది, "నేల కోసం ఆగకు నాయనా, నేల నీ కోసం ఆగదు."

మూడో రోజు ఎనిమిదో ఇన్నింగ్స్ సంగతి నువ్వు చూశావు. అయినా రాస్తాను, నా వైపునుంచి ఎలా ఉందో నీకు తెలియదు కాబట్టి. కొట్టింది మోరో. బంతి నా కుడివైపు బాగా లోతుకి పోతోంది, మూడో బేస్ వెనక్కి. డెలానీ నాకు పోయిందన్నాడే, ఆ అడుగు వైపే. పరిగెత్తాను. గ్లవ్ వెనక్కి తిప్పి చాచాను. అందింది బావా! గడ్డి అంచున అందింది. అదే చీలమండ మీద బరువంతా మోపి ఆగాను, అది నన్ను ఆపింది, విసిరాను. బంతి నేరుగా వెళ్లింది. మోరో అర అడుగు ముందున్నాడు. అంపైర్ చేతులు చాపాడు.

అవుట్ కాలేదు. పాత గడ్డి ఉంటే బంతి అంత లోతుకి పోకముందే అందేది, ఒకడుగు తేడాతో అవుటయ్యేవాడు, నీకూ తెలుసు, నాకూ తెలుసు. షెడ్డు వైపు చూశాను. నువ్వు చప్పట్లు కొట్టలేదు, తల ఊపలేదు, నన్ను ఓదార్చే మొహం పెట్టలేదు. ఊరికే నిలబడ్డావు. అలా నిలబడటం నీకెంత కష్టమో నాకు తెలుసు.

ఆ అర అడుగు నాదే. నేను ఎంతవరకు అందుకోగలనో, ఎక్కడ ఆగిపోతానో ఇప్పుడు తెలిసింది. కాలు తిరిగొచ్చింది. పూర్తిగా కాదు. ఈ లీగులో సరిపోతుంది, పైన సరిపోదు. టెక్సస్‌లో ఆపేసి ఉంటే గెంటించుకున్నవాడిలా ఆపేవాణ్ణి. నిన్న మా మేనేజర్‌తో చెప్పేశాను, ఈ సీజన్‌తో చాలిస్తానని. చెప్పి బయటికొచ్చాక ఏడుపొచ్చింది. పెద్ద లీగు నాకు కావాలి బావా, ఈ ముక్క రాస్తున్నప్పుడు కూడా కావాలనే ఉంది. అది మాత్రం పోదనుకుంటాను.

బస్సెక్కేటప్పుడు అక్క చెవిలో అడిగింది, ఆయన్ని క్షమించావా అని. ఇంకా లేదన్నాను. నిజం చెప్పాను. నువ్వు నీళ్లు పోయకపోతే ఇరవై ఆరేళ్లకి ఇంటికెళ్లేవాణ్ణి. మూడు వేసవులు ఇచ్చావు. ఆ మూడు వేసవుల్లో నేనెవరో నాకు తెలియకుండా చేశావు. ఈ రెంటిలో ఏది పెద్దదో నాకింకా తేలలేదు. తేలేదాకా ఆగు.

సెప్టెంబర్ ఒకటి, ఆదివారం, ఆటర్స్‌బర్గ్‌లో నా ఆఖరి ఆట. ఆ రోజు మీ జట్టు పరాయి ఊళ్లో ఉంటుంది, నీకు పని లేదు, సాకులు చెప్పకు. అక్కని తీసుకుని రా. ఇక్కడి మైదానం ఎత్తుపల్లాలు, గడ్డి ఎవరు కోస్తారో కూడా నాకు తెలియదు. నువ్వు చెయ్యి పెట్టని నేల మీద నేను ఆడటం పదేళ్లలో నువ్వొక్కసారీ చూడలేదు. టిక్కెట్టు కొనుక్కుని, మామూలు మనిషిలా స్టాండ్సులో కూర్చుని, నన్ను చూడు.

లూమిర్